ఉబ్బని టేకు తలుపు

మా పెదనాన్నకు మనుషుల మీదకంటే తలుపుల మీద నమ్మకం ఎక్కువ. ఎవరింటికైనా వెళితే వేసిన కుర్చీలో కూర్చోడు, ఇచ్చిన మంచినీళ్లు తాగడు. ముందు వీధి తలుపును ఒక వేలితో తోసి, అది ఎక్కడ ఆగుతుందో చూస్తాడు. వదిలిన చోటే ఆగితే మంచి తలుపు. దానంతటదే మూసుకుంటే చేసినవాడు దొంగ. ఈ తీర్పు ఇంటివాళ్ల మొహం మీదే చెప్పేస్తాడు కాబట్టి, ఆయన్ని రెండోసారి పిలవడానికి జనం కాస్త వెనకాడేవారు. "ముందు ఈయన నోటికి ఒక తలుపు చేయించాలి, గడియ బయటివైపు ఉండేలా," అనేది పెద్దమ్మ.

ఆయన వడ్రంగి, ఆవిడది కుట్టుపని. నేను ఆయన తమ్ముడి కూతుర్ని. వీధివైపు వాటాలో నేనూ నా జిరాక్స్ మిషనూ, పెరటివైపు వాటాలో వాళ్లిద్దరూ. వాళ్లకు పిల్లల్లేరు. తుంటి ఎముక విరిగి అతుక్కున్న దగ్గర్నుంచీ పెద్దమ్మ నాలుగు కాళ్ల స్టాండు పట్టుకుని నడిచేది. పొద్దున్నే వెనకగదిలోకి వెళ్లి కరెంటు కుట్టుమిషను ముందు కూర్చుందంటే మధ్యాహ్నం దాకా లేచేది కాదు. పెరట్లో ఆయన రంపంతో చెక్క కోస్తూ ఉంటాడు, ఆ పొట్టు ఎగిరొచ్చి బట్టల మీద పడుతుందని తలుపు గట్టిగా మూసుకునేది. ఆ గదికి కిటికీ లేదు, పైన జానెడు వెంటిలేటరు తప్ప. పెరట్లో ఎండిపోయిన పాత బోరు ఒకటుండేది. దాని మూతికి చెక్క బిరడా కొట్టి, పైన సిమెంటు పోసి, ఆ స్థలం కలుపుకుని ఈ గది కట్టించుకున్నారు. దాని తలుపు మాత్రం టేకుది. ఎక్కడో కూల్చేసిన పాత మేడలోంచి చెక్క తెచ్చి, నెలల తరబడి కూర్చుని పెదనాన్న తన చేత్తో చేసిన తలుపు అది. దాని మీద ఈగ వాలినా ఆయనకు నచ్చేది కాదు.

మా వీధి వెనకాల గుట్ట మీద ప్లాంటుంది. నేల లోపల చాలా లోతున నీళ్లు సలసలా మరుగుతూ ఉంటాయట. పెద్ద పెద్ద బోర్లు వేసి ఆ నీటినీ ఆవిరినీ పైకి లాగి, ఆవిరితో చక్రాలు తిప్పి కరెంటు తీస్తారు. బొగ్గు లేదు, పొగ లేదు. ఒకటీ అరా బోర్లున్న రోజుల్లో మాకూ గర్వంగానే ఉండేది. అప్పుడప్పుడూ కుళ్లిన గుడ్ల కంపు వచ్చేది, ముక్కు మూసుకునేవాళ్లం. తర్వాత గుట్ట నిండా గొట్టాలే అయ్యాయి. వాడిన నీళ్లను మళ్లీ లోపలికే పంపుతామన్నారు. లాగినంతా తిరిగి పంపడంలేదని, సగానికి సగం ఆవిరై గాల్లో కలుస్తోందని మాకు చాలాకాలానికి గాని తెలియలేదు. లోపల ఖాళీ అయితే పైన నేల కుంగుతుందన్న సంగతి అసలే తెలియదు. మాకు తెలిసిందల్లా వీధిలో తలుపులు పట్టేస్తున్నాయని.

మొదట పక్కింటి పంతులమ్మగారి తలుపు పట్టేసింది. తర్వాత ఎదురింట్లో టైర్ల షాపు మామయ్యది. పెదనాన్న వెళ్లి చూసి, ఒక్క చూపులో తేల్చేశాడు. "ఆవిరి ప్లాంటు కదా, గాల్లో తేమ. చెక్క ఉబ్బింది." చిత్రిక పట్టి, పై మూల నాలుగు పొరలు తీసేశాడు. తలుపు మళ్లీ ఒక వేలికి కదిలింది. మళ్లీ కొన్నాళ్లకు అదే మూల పట్టేసింది, మళ్లీ తీశాడు. ఈ పని వీధంతా పాకింది. ఎవరి తలుపైనా అదే పై మూల దగ్గర పట్టేస్తోందని ఆయన గమనించకపోలేదు. ఉన్న ప్రతి బాధకూ చెక్కలోనే కారణం వెతికే మనిషి కాబట్టి, "గుట్ట అటువైపుంది, తేమ అటునుంచే వస్తుంది," అని దానికీ ఒక జవాబు తయారుచేసుకున్నాడు. విన్నవాళ్లం మేమూ తలలూపాం.

ప్లాంటువాళ్లు తెలివైనవాళ్లు. వాళ్ల తరఫున మా వీధికొచ్చి మాట్లాడే ఒక సారుండేవాడు. ఏమడిగినా ముందు నవ్వేవాడు, అందుకని నవ్వుల సారు అనేవాళ్లం. ఆయనొచ్చి, వీధిలో తలుపుల మరమ్మతు అంతా ఉచితమని, ఆ పని మా పెదనాన్నకే నెలజీతం మీద అప్పగిస్తున్నామని చెప్పాడు. మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు, నెత్తికి పసుపు టోపీ ఇచ్చారు. ఆ టోపీ పెట్టుకుని ఆయన పెరట్లో కూర్చుని చెక్క కోస్తుంటే, "నెత్తిన ఏం పడుతుందని? ఆకాశమా?" అని పెద్దమ్మ పడీపడీ నవ్వింది.

కొత్తగా చేరినవాళ్లకు ప్లాంటులో జాగ్రత్తల క్లాసు పెట్టారు. ఆ రాత్రి అన్నం తింటూ పెదనాన్న మాకు అదంతా అప్పజెప్పాడు.

"కంపు కొడుతున్నంతసేపు భయం లేదట. ఆ కంపు గాలి విషమట, బాగా ముదిరితే ముక్కు చచ్చిపోతుందట, కంపు తెలియదట. కంపు పోయిందంటే పరుగో పరుగు అన్నారు."

"మీ చొక్కా కంపు నాకు ఎప్పుడో తెలియడం మానేసింది. అయితే నేనూ పరిగెత్తాల్సిందే," అంది పెద్దమ్మ. ముగ్గురం నవ్వుకున్నాం.

ఆవిడ నవ్వుతూనే ఉండేది గానీ, కళ్లు మాత్రం నేల మీదే. ఒకరోజు నన్ను వెనకగదిలోకి పిలిచింది. దారపు ఉండ ఒకటి నేల మీద పెట్టి వదిలింది. అది మెల్లగా దొర్లుకుంటూ పాత బోరున్న మూలకు పోయి గోడకు తగిలి ఆగింది. ఇంకోటి వదిలింది. అదీ అక్కడికే పోయింది. కుట్టుమిషను ఒక కాలి కింద మడతలు పెట్టిన గుడ్డముక్క ఉంది, ఆ మడతలు నెలనెలా పెరుగుతున్నాయట.

"ఇల్లు ఒకపక్కకి ఒరుగుతోందే అమ్మాయ్. మీ పెదనాన్నకి చెబితే తాపీమేస్త్రి తాగి గచ్చు చేశాడంటున్నాడు. ఇంకోటి చూడు, ఆ మూల కాలు పెట్టు."

పెట్టాను. గచ్చు వెచ్చగా ఉంది. ఎండ పడని గది అది.

"చలికాలం హాయిగానే ఉంది, ఆ మూలకి కాళ్లు చాపుకుని కూర్చుంటున్నా. కానీ ఎందుకో నాకు నచ్చట్లేదు," అంది.

నేను వెళ్లి పెదనాన్నతో గట్టిగానే మాట్లాడాను. నాకు అసలే ముక్కుమీద కోపం. "నేల కుంగుతోంది పెదనాన్నా, నువ్వు చిత్రిక పడుతూ కూర్చున్నావు" అన్నాను. ఆయన విన్నాడు. విని, "అయితే నా టేకు తలుపు ఎందుకు పట్టెయ్యలేదు? నేలే కుంగితే అదీ పట్టెయ్యాలిగా? టేకు ఉబ్బదు కాబట్టి పట్టెయ్యలేదు. అంటే తప్పు చెక్కది, నేలది కాదు," అన్నాడు. నేను నోరు మూసుకుని వచ్చేశాను.

పంతులమ్మగారు నోరు మూసుకునే రకం కాదు. ఆవిడ పైవాళ్లకు ఫిర్యాదు పంపింది. తనిఖీకి ఒక ఆఫీసరమ్మ వస్తోందని తెలిసింది. తెలిసిన మర్నాడే నవ్వుల సారు పెదనాన్న దగ్గరికొచ్చి, "వీధిలో ఒక్క తలుపు కూడా కిర్రుమనకూడదు తాతగారూ, మీ పనితనం చూపించాలి," అని భుజం తట్టి వెళ్లాడు. ఇక చూడాలి ఆయన హడావుడి! తిండి లేదు, నీళ్లు లేవు. ఇంటింటికీ తిరిగి చిత్రిక పట్టాడు, బందులకు నూనె వేశాడు, గోడల బీటలు కనపడకుండా ద్వారబంధాల పక్కన లప్పం కూడా రాశాడు.

ఆఫీసరమ్మ వచ్చింది. ఇంటింటి తలుపూ తెరిచి మూసింది. ప్రతి తలుపూ వదిలిన చోట బుద్ధిగా ఆగింది. పంతులమ్మగారు గొంతు చించుకుంటున్నా, ఆఫీసరమ్మ, "ఇల్లు కదిలితే ముందు తలుపులు పట్టేస్తాయమ్మా. ఇవి ఇంత చక్కగా తెరుచుకుంటున్నాయి కదా," అంది. అని కారెక్కి వెళ్లిపోయింది. నవ్వుల సారు పెదనాన్న చేయి పట్టుకుని ఊపాడు. పంతులమ్మగారు మాత్రం ఆ రోజునుంచీ ఆయనతో మాట్లాడటం మానేసింది.

తర్వాత కొద్ది రోజులకు ఒక పొద్దున్న పెరడు ఊడుస్తున్న పెద్దమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది. స్టాండు మీద ఒరిగి, వంగి, ఏదో తీసింది. చెక్కపొట్టు, చిన్న చుట్ట. వీధి తలుపుల చెక్కలాగా తెల్లగా లేదు, బెల్లపు రంగులో నూనె జిడ్డుగా ఉంది. ఆవిడ దాన్ని వాసన చూసింది, నాకు చూపించింది, చెత్తలో వేసింది. ఉబ్బదన్న టేకు తలుపూ పట్టేసింది. ఆయన ఎవరూ చూడకుండా చిత్రిక పట్టాడు. అంటే ఆయనకు తెలిసిపోయింది.

ఆ సాయంత్రం పెద్దమ్మ నా ఎదుటే అడిగింది. "ఏమండీ, ఇక్కణ్నుంచి వెళ్లిపోదామా?"

ఆయన చిత్రికకు నూనె రాస్తున్నాడు. "ఇప్పుడెళ్లి నేల కుంగుతోందని నేనే చెబితే, మొన్న వీధి వీధంతా నేనేం చేసినట్టు?" అన్నాడు.

"నలుగురూ ఏమనుకుంటారనా?"

"కొన్నాళ్లు ఆగుదామే," అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను ఆయన్ని ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు, చెప్పేస్తున్నాను.

గుట్ట మీద కొత్త బోరు మొదలైంది. ఈసారి లోపలున్న రాయి పగలడానికి నీళ్లను బలంగా తోస్తారన్నారు. తోసినప్పుడల్లా కాళ్ల కింద చిన్న వణుకు. నా షాపులో కాగితాల కట్టలు జారి కిందపడేవి. ఏమీ కాదని నవ్వుల సారు ఫోన్లలో చెబుతూనే ఉన్నాడు.

ఆ రోజు పొద్దెక్కాక, ఎవరో బడి సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించుకుంటున్నారు. నేల కింద దబ్బుమని ఒక చప్పుడు. అది వణుకు కాదు. లిఫ్టు ఒక్కసారి జారి ఆగినట్టయింది. ట్యూబ్‌లైటు ఊగింది. నేను కాగితాలన్నీ వదిలేసి వెనక్కి పరిగెత్తాను.

పెదనాన్న టేకు తలుపు ముందు నిలబడి ఉన్నాడు. రెండు చేతులతో తోస్తున్నాడు. అది రాయిలా ఉంది.

"ఏమండీ, తలుపు రావట్లేదు," అంటోంది లోపల్నుంచి పెద్దమ్మ.

"పై మూల పట్టింది, అంతే. కంగారుపడకు, తీస్తున్నా."

"మూలలో గచ్చు పగిలిందండీ. సుయ్యిమని వస్తోంది. కంపు, అబ్బ, తట్టుకోలేకపోతున్నా."

ఆయన పనిముట్ల పెట్టె దగ్గరికి ఉరికాడు. గొడ్డలి పట్టుకొస్తాడనుకున్నాను. సన్న ఉలి, చిన్న కొయ్యసుత్తి పట్టుకొచ్చాడు. స్టూలు వేసుకుని ఎక్కి, తలుపుకూ ద్వారబంధానికీ మధ్య ఉలి మొన పెట్టి, టకటకా కొడుతూ ఒక్కో పీచూ తీస్తున్నాడు. నమ్మండి, చేతులు వణకడం లేదు. బతుకంతా చేసిన పనే చేస్తున్నాయి ఆ చేతులు. పట్టిన తలుపును చెక్కాలి, అంతే వాటికి తెలుసు.

"గొడ్డలి తియ్యి పెదనాన్నా!" అని అరిచాను.

"ఒక్క వెంట్రుకవాసి తీస్తే చాలే, వచ్చేస్తుంది."

"తలుపు పోతే పోయింది!"

"వచ్చేస్తుందన్నానా!"

తలుపు కింది సందులోంచి వెచ్చటి గాలి నా పాదాలకు తగిలింది. కంపుకు నాకు కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి. లోపల పెద్దమ్మ దగ్గుతోంది, దగ్గుకూ దగ్గుకూ మధ్య కుర్చీ ఈడ్చిన చప్పుడు. నేను భుజంతో తలుపును గుద్దాను. ఆయన స్టూలు ఊగింది, నన్ను కసిరాడు. నాకు ఆయన్ని ఆ స్టూలు మీంచి లాగి అవతల పారేయాలనిపించింది.

అప్పుడు దగ్గు ఆగింది. పెద్దమ్మ గొంతు కాస్త మత్తుగా, నిద్రలోంచి మాట్లాడినట్టు వినపడింది.

"కంపు పోయిందండీ. ఇప్పుడు బాగానే ఉంది. నిదానంగానే కానివ్వండి... తలుపు పాడుచేయకండి."

ఉలి ఆయన చేతిలోంచి జారి కిందపడింది.

ఆ మొహం నేను చచ్చేదాకా మరచిపోను. స్టూలు మీంచి దిగలేదు, దూకాడు. గొడ్డలి ఎక్కడుందో, ఎప్పుడు అందుకున్నాడో నాకు కనపడలేదు. తలుపు మధ్యలో, పువ్వులు చెక్కిన చోట, నెలల తరబడి కూర్చుని చెక్కిన చోట, మొదటి దెబ్బ పడింది. "ఏమేవ్! పలుకు! ఏమేవ్!" అని అరుస్తున్నాడు, కొడుతున్నాడు. లోపల్నుంచి పలుకు లేదు. ముసలాయనకు అంత బలం ఎక్కణ్నుంచొచ్చిందో, టేకు చెక్క పెళ్లలు పెళ్లలుగా లేచిపోయింది. టైర్ల షాపు మామయ్య గునపం పట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికి మనిషి దూరేంత కంత పడింది.

"మీరెవరూ రాకండి!" అని, గుండెల నిండా గాలి పీల్చుకుని, ఊపిరి బిగబట్టి ఆయనొక్కడే దూరాడు. పెద్దమ్మ చంకల కింద చేతులేసి ఈడ్చుకుంటూ వెనక్కొచ్చాడు. మామయ్యా నేనూ చేతులందించి లాగాం. ఆవిడ మొహం పాలిపోయి ఉంది. వీధిలోకి మోసుకెళ్లి పడుకోబెట్టాం. పంతులమ్మగారే ఆవిడ గుండె మీద చేతులు పెట్టి నొక్కింది, నోట్లో గాలి ఊదింది. అంబులెన్సు చప్పుడు వినపడే ముందు పెద్దమ్మ ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చింది. పెదనాన్న రోడ్డు మీద కూలబడి పెద్దగా ఏడ్చాడు.

ఆవిడ బతికింది. గొంతు మాత్రం బొంగురుపోయింది, ముక్కుకు వాసనలు తెలియడం పోయింది. మళ్లీ వస్తుందో రాదో డాక్టర్లు చెప్పలేకపోయారు.

ఆస్పత్రిలో ఆవిడకు తెలివొచ్చిన రోజున పెదనాన్న వీధికి తిరిగొచ్చాడు. మెడలో కార్డు లేదు, నెత్తిన టోపీ లేదు, చేతిలో చిత్రిక లేదు. స్క్రూడ్రైవరు, సుత్తి ఉన్నాయి. నేరుగా పంతులమ్మగారి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"తలుపు ఊడదీస్తానమ్మా."

"బాగుచేయడం అయింది, ఇక ఊడదీయడమా?" అందావిడ.

"ఔను. నేల ఇంకోసారి జారితే లోపలివాళ్లు లోపలే ఉండిపోతారు. దొంగలొస్తే ఏదో ఒకటి పోతుంది. పోనీ."

ఆవిడ పక్కకు తప్పుకుంది. ఒక్కో ఇల్లే, ఒక్కో గదే, వీధిలో తలుపులన్నీ ఊడదీసి గోడలకు చేరేశాడు. ఖాళీ గుమ్మాలకు, పెద్దమ్మ కుట్టి అమ్మకానికి ఉంచిన పరదాలు తెచ్చి వేలాడదీశాం.

ఆఫీసరమ్మ మళ్లీ వచ్చింది, ఈసారి నవ్వుల సారు నవ్వకుండా వెనక నడిచాడు. మొదటి గుమ్మం దగ్గరే ఆవిడ ఆగిపోయింది. పరదా తిన్నగా కిందికి వేలాడుతోంది. దాని పక్కన ద్వారబంధం పక్కకు ఒరిగి ఉంది. రెండింటికీ మధ్య, పైన సన్నగా, కిందికొచ్చేసరికి చెయ్యి పట్టేంత సందు. పక్కింటికి వెళ్లింది, అదే సందు. ఎదురింటికి వెళ్లింది, అదే.

"మొన్న నేను చూసినప్పుడు ఇలా లేవే?" అంది.

"అప్పుడూ ఇలాగే ఉన్నాయండీ," అన్నాడు పెదనాన్న. "నేనే చెక్కాను. మీకు కనపడకుండా అన్నీ నేనే చెక్కాను. మా ఆవిడ దాదాపు చచ్చిపోయింది."

ఆఫీసరమ్మ ఆ రోజంతా వీధిలోనే ఉంది. కొత్త బోరు ఆపించారు, మమ్మల్నందర్నీ ఖాళీ చేయించారు. పాత బోర్లలోంచి ఇప్పటికీ ఆవిరి లేస్తూనే ఉంది, ఆ గొడవ ఇంకా తేలలేదు.

ఇప్పుడు మేము గుట్టకు దూరంగా అద్దె ఇంట్లో ఉంటున్నాం. చేరిన రోజున పెదనాన్న వీధి తలుపును వేలితో తోసి చూడలేదు. సామాను దించకముందే, పెద్దమ్మ కుట్టుమిషను పెట్టబోయే గది తలుపు ఊడదీసి మంచం కింద పెట్టాడు.

"తలుపుల తాతయ్య ఇంట్లో తలుపు లేదంటే నలుగురూ నవ్వరా?" అంది పెద్దమ్మ, బొంగురు గొంతుతో.

"నవ్వనీ. నీ మిషను చప్పుడు నాకు వినపడాలి," అన్నాడు.

ఆయన పెరట్లో రంపంతో చెక్క కోసుకుంటూ ఉంటాడు. పొట్టు ఎగిరొచ్చి బట్టల మీద పడుతుంది, ఆవిడ దులుపుకుంటుంది. ఎప్పుడైనా మిషను చప్పుడు ఆగితే ఆయన రంపం కూడా ఆగిపోతుంది. "ఏమేవ్!" అని కేక వేస్తాడు. "దారం ఎక్కిస్తున్నానండీ," అని లోపల్నుంచి జవాబొచ్చేదాకా రంపం కదలదు.